ఆర్బర్‌వైటీకి వేలాడేవి కాయలు కావు: బ్యాగ్‌వార్మ్‌ల పని పట్టే పద్ధతి

ఏటా ఆగస్టు వచ్చేసరికి మా కాన్సస్ సిటీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకే రకం ఫొటో వస్తుంది. పెరటి కంచె వెంబడి వరసగా ఆర్బర్‌వైటీ అనే, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు, వాటిలో ఒకటో రెండో పైనుంచి గోధుమరంగుకి తిరిగి ఉంటాయి. కింద ప్రశ్న: "నీళ్ళు తక్కువయ్యాయా, ఎక్కువయ్యాయా?" ఫొటో పెద్దది చేసి చూస్తే కొమ్మలకి పైన్ కాయల్లాంటివి వేలాడుతూ ఉంటాయి. ఆర్బర్‌వైటీకి అంత పెద్ద కాయలు కాయవు. దాని అసలు కాయ అర అంగుళం మించదు, గుత్తులుగా పైకి నిలబడి ఉంటుంది. అంగుళంన్నర నుంచి రెండంగుళాల పొడవుండి, కిందికి వేలాడుతూ, ఒంటినిండా ఎండాకు తునకలు అంటించుకున్నవి బ్యాగ్‌వార్మ్ అనే గొంగళి పురుగు కట్టుకున్న సంచులు.

మాది నూజివీడు పక్క పల్లె, మామిడి తోటల ఇల్లు. ఇప్పుడు ఉండేది కాన్సస్ సిటీ పక్కనే ఉన్న ఓవర్‌లాండ్ పార్క్‌లో. పగలు అకౌంట్స్ ఉద్యోగం, తీరిక దొరికితే ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (తోటల గురించి జనానికి సలహాలిచ్చే ఆఫీసు) మాస్టర్ గార్డెనర్ వాలంటీర్‌గా జనం అడిగే చెట్ల ప్రశ్నలకి జవాబులు. వేసవిలో ఆ ప్రశ్నల్లో ఈ పురుగుది పెద్ద వాటా. అందరూ మొదట అడిగేది "ఏ మందు కొట్టాలి?" అనే. నేను తిరిగి అడిగేది "ఇవాళ తేదీ ఎంత?" అని. ఈ పురుగు విషయంలో మందు పేరు కంటే కొట్టే రోజు ముఖ్యం. సరైన వారంలో చవక మందు కూడా పని చేస్తుంది. తప్పిన వారంలో ఎంత ఖరీదైనది కొట్టినా కంచెకి స్నానం చేయించడమే.

ఈ కుటుంబం మనకి కొత్తేం కాదు. మన ఊళ్ళలో తుమ్మచెట్లకి చిన్న చిన్న పుల్లలు నిలువుగా అంటించుకున్న గూళ్ళు వేలాడుతుండేవి, చిన్నప్పుడు పీకి ఆడుకునేవాళ్ళం. అవీ సంచి పురుగులే. ఆయిల్‌పామ్ తోటల్ని ఇబ్బంది పెట్టే సంచి పురుగులూ ఈ కుటుంబానివే. అమెరికాలో తూర్పు తీరం నుంచి నెబ్రాస్కా, టెక్సస్ దాకా మన పెరళ్ళలో కనిపించేది మాత్రం ఇక్కడి సొంత జాతి, థైరిడాప్టెరిక్స్ ఎఫిమెరిఫార్మిస్. ఈ పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరూ పరీక్ష పెట్టరు. ఇది తినే మొక్కల జాతులు వందకు పైనే. అన్నిటికంటే ఇష్టమైనవి ఆర్బర్‌వైటీ, జూనిపర్, రెడ్ సీడర్. స్ప్రూస్, లేలాండ్ సైప్రస్, పైన్, బాల్డ్ సైప్రస్‌లనీ వదలదు. ఆకు రాల్చే వాటిలో హనీలోకస్ట్, మేపుల్, సైకమోర్, విల్లో, ఆఖరికి గులాబీ పొదలు కూడా.

దాని ఏడాది ఎలా నడుస్తుందంటే

ఏడాదికి ఒకటే తరం. చలికాలం దాటి బతికేది పురుగు కాదు, గుడ్లు. ఆడపురుగు సంచి ఒక్కోదానిలో 500 నుంచి 1000 దాకా ఉంటాయి. నమ్మకం కుదరకపోతే జనవరిలో ఒక సంచి కోసుకొచ్చి, కత్తెరతో పొడవునా చీల్చి చూడండి. సంచి గట్టిగా, తోలులా ఉంటుంది, వేళ్ళతో చింపితే చిరగదు. లోపల ముదురు గోధుమరంగు పెంకు ఒకటి ఉంటుంది. దాన్ని గోటితో నొక్కితే పగిలి, లేత పసుపు రంగు గుడ్లు మైనంలాంటి మెత్తటి నూగులో కలిసి పొడిపొడిగా రాలతాయి. తల్లి ఒంటి నూగే అది, గుడ్లకి దుప్పటి. కొన్ని సంచులు తెరిస్తే ఏమీ ఉండదు, కింది కొసన మాత్రం ఖాళీ పెంకు ఒకటి సగం బయటికి పొడుచుకుని ఉంటుంది. అది మగపురుగు రెక్కలొచ్చి వెళ్ళిపోయిన సంచి.

కాన్సస్ సిటీలో ఈ గుడ్లు మే రెండో సగంలో పగలడం మొదలుపెడతాయి. మా నాన్న లెక్కలో చెప్పాలంటే రోహిణి కార్తె. ఆశ్చర్యంగా ఇక్కడా ఆ లెక్క బాగానే కుదురుతుంది. బయటికొచ్చిన పిల్ల 2 మిల్లీమీటర్లు మించదు. కొన్ని తల్లి చెట్టు మీదే తినడం మొదలుపెడతాయి. కొన్ని సన్నటి దారం వదిలి గాలికి వేలాడి, ఆ గాలి ఎటు తీసుకెళ్తే అటు పక్క చెట్టుకో పక్కింటికో చేరతాయి. చేరిన వెంటనే ఆకు పొడి కొరికి, పట్టుదారంతో కలిపి ఒంటికి గూడు అల్లుకుంటాయి. ఆ మొదటి రోజుల్లో సంచి వేలాడదు, కొసతేలి పైకి నిక్కి ఉంటుంది. పురుగు పెరిగే కొద్దీ సంచినీ పెంచుకుంటూ పోతుంది. తల, ముందు కాళ్ళు బయటపెట్టి సంచిని మోసుకుంటూ తిరుగుతుంది, కదిలిస్తే లోపలికి ముడుచుకుని మూతి బిగించుకుంటుంది. మందు తగలకుండా కాపాడేది ఆ సంచే.

ఆగస్టు సగం దాటేసరికి కొమ్మకి గట్టి పట్టుదారంతో సంచి కట్టేసుకుని తిండి మానేస్తుంది. ఆగస్టు చివర నుంచి నల్లటి ఒళ్ళు, అద్దంలాంటి రెక్కలున్న మగ పురుగులు బయటికొచ్చి ఆడవాటిని వెతుక్కుంటాయి. ఆడదానికి రెక్కలుండవు, పనికొచ్చే కాళ్ళూ ఉండవు. సంచిలోనే పెరిగి, సంచిలోనే గుడ్లు పెట్టి చస్తుంది.

తల్లి ఎగరలేదు కాబట్టి వచ్చే ఏడాది మీ చెట్టు మీద పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం ఈ ఏడాది మీరు వదిలేసిన సంచుల్లోవే. ఒక ఏడాది పది సంచులు కనిపించి, "పోనీలే, పదే కదా" అనుకుంటే, రెండేళ్ళలో చెట్టంతా పాకుతుంది. అదే పది కోసేస్తే కథ అక్కడితో ఆగుతుంది. మిడతల దండులా ఊరి మీద పడే పురుగు కాదిది.

చలికాలం పని: కత్తెర, బకెట్టు

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే లాభసాటి పని ఇదే. మందు ఖర్చు లేదు, తేనెటీగలకి హాని లేదు, వారం అటూ ఇటూ అయిందన్న టెన్షన్ లేదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ చివర దాకా ఎప్పుడైనా చేయొచ్చు. నేను మాత్రం ఉగాది లోపు ముగించేయమంటాను. మే వస్తే ఇక్కడ పిల్లల స్కూలు ప్రోగ్రాములు, గ్రాడ్యుయేషన్లు, ఆ హడావుడిలో ఎవరూ చెట్ల వైపు చూడరు. ఆకు రాల్చే చెట్లయితే డిసెంబరు, జనవరిలో మరీ సులువు, బోసి కొమ్మల మీద సంచులు దూరం నుంచే కనబడతాయి.

సంచిని పట్టుకుని లాగకండి, కత్తిరించండి. కొమ్మకి చుట్టిన పట్టుదారం చాలా గట్టిది. లాగితే సంచి ఊడి వచ్చినా ఆ కట్టు కొమ్మకే మిగిలిపోతుంది. తర్వాత కొమ్మ లావెక్కే కొద్దీ ఆ దారం ఉరిలా బిగుసుకుంటుంది. ఏళ్ళ తర్వాత ఆ కొమ్మ అక్కడి నుంచి చివరికంటా ఎండిపోతే, ఎందుకెండిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. చిన్న కత్తెర మొన దారం కిందికి పోనిచ్చి తెంపండి. సంచి సన్నటి రెమ్మకి ఉంటే రెమ్మతో సహా కోసేసినా నష్టం లేదు.

మగదా ఆడదా, పాతదా కొత్తదా అని ఒక్కొక్కటీ పరీక్షిస్తూ కూర్చోకండి. కనిపించిన ప్రతిదీ కోయండి. చెట్టు పై భాగం, ఎండ బాగా తగిలే వైపు ముందు చూడండి, అక్కడే ఎక్కువుంటాయి. ఒక చుట్టు తిరిగాక రెండో చుట్టు రివర్సులో తిరగండి. వెలుగు మారితే మొదటిసారి కనబడనివి బయటపడతాయి. నేను మా అబ్బాయికి సంచికి పావు డాలరు చొప్పున ఇచ్చేదాన్ని. వాడు కాలేజీకి వెళ్ళాక ఆ డబ్బు మిగిలింది కానీ పని నా మీద పడింది.

కోసినవి నేల మీద పడేయొద్దు, కంపోస్టు కుప్పలో వేయొద్దు, పచ్చి చెత్త పోసే కాగితం సంచుల్లోనూ వద్దు. గుడ్లకి చెట్టుతో పనిలేదు. నేల మీదున్నా మే నెలలో పిల్లలు వచ్చి నడుచుకుంటూ వెళ్ళిపోతాయి. బకెట్టు నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు బాగా కలిపి అందులో వేసి, మునిగేలా పైన బరువు పెట్టి రెండు రోజులు ఉంచండి. తర్వాత ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి మామూలు చెత్తలో వేయండి. నానబెట్టే ఓపిక లేకపోతే నేరుగా రెండు కవర్లలో బిగించి పారేసినా సరే.

ఎత్తు విషయంలో ఒక మాట. చేతికందేవి చేత్తో, ఆపైవి పొడవు కర్ర కత్తెరతో. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల మీద నిచ్చెన వేయకండి, కాలు కూరుకుపోయి ఒరిగిపోతుంది. ముప్ఫై అడుగుల స్ప్రూస్ ఉంటే చివరిదాకా చేత్తో ఏరడం కుదరదని ఒప్పేసుకుని జూన్ పనికి సిద్ధపడండి.

జూన్: బీటీ కొట్టే అసలు సమయం

చలికాలంలో ఏరినా కొన్ని దాక్కుంటాయి, కొన్ని పక్కింటి నుంచి గాలికి వస్తాయి. అందుకని మే మూడో వారం నుంచి వారానికోసారి చెట్టు దగ్గరికి వెళ్ళాలి. తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టుకుని కొమ్మని గట్టిగా దులపండి. రాలిన చెత్తలో బియ్యపు గింజ కంటే చిన్న గోధుమరంగు మొనలు కొన్ని కదులుతూ కనిపిస్తే పిల్లలు వచ్చేసినట్టే. మీ వీధిలో కటాల్పా చెట్టుంటే ఇంకా తేలిక. పెద్ద పెద్ద ఆకులతో, తెల్లటి పూగుత్తులతో ఉంటుంది. అది పూసే రోజులకి ఇవి గుడ్ల నుంచి బయటికొస్తుంటాయని ఇక్కడి తోటమాలులు ఎప్పటినుంచో పెట్టుకున్న గుర్తు.

మొదటి పిల్ల కనబడగానే స్ప్రేయర్ ఎత్తకండి. గుడ్లన్నీ ఒకే రోజు పగలవు, కొన్ని వారాలు పడుతుంది. తొందరపడితే వెనకొచ్చేవి తప్పించుకుంటాయి. మరీ ఆగితే ముందొచ్చినవి ముదురుతాయి. మా ఊరికి జూన్ మొదటి వారం దాటాక, 20 లోపు సరిపోతుంది. మృగశిర కార్తె అని గుర్తుపెట్టుకుంటే మన వాళ్ళకి మర్చిపోవడం కష్టం. డాలస్ వైపు ఉన్నవాళ్ళు ఇంత దాకా ఆగకూడదు, అక్కడ ఏప్రిల్ చివర, మే మొదట్లోనే పిల్లలు వస్తాయి. న్యూజెర్సీ వాళ్ళకి మే చివర నుంచి జూన్ మధ్య దాకా. ఎక్కడున్నా తేదీ కంటే తెల్ల కాగితం మాటే నమ్మండి.

ఈ దశకి నేను చెప్పే మందు బీటీ, పూర్తి పేరు బాసిలస్ తురింజెన్సిస్, కుర్‌స్టాకి రకం. మన దగ్గర పత్తి, కూరగాయల రైతులకి తెలిసిన బీటీ పొడే. ఇక్కడ డైపెల్, థురిసైడ్ లాంటి పేర్లతో దొరుకుతుంది. సీసా మీద కుర్‌స్టాకి అని ఉందో లేదో చూసుకోండి. దోమ పిల్లల కోసం అమ్మే బీటీ వేరే రకం, దీనికి పనిచేయదు. బీటీ ఒంటికి తగిలితే పురుగు చావదు, ఆకుతో పాటు కడుపులోకి వెళ్ళాలి. తిన్నాక కొద్ది గంటల్లో తిండి మానేస్తుంది, చావడానికి కొన్ని రోజులు పడుతుంది. మర్నాడు వెళ్ళి చూసి "ఇంకా కదులుతున్నాయి" అని కంగారుపడి వేరే మందు కలపొద్దు. సంచి అర అంగుళం లోపు ఉన్నప్పుడే దీని బలం. ఆ తర్వాత పురుగు బీటీకి లొంగదు.

కొట్టడంలో మూడు సంగతులు మందు కంటే ముఖ్యం. ఒకటి, సాయంత్రం కొట్టండి. ఎండకి బీటీ తొందరగా పాడైపోతుంది. రాత్రంతా తినడానికి సమయం దొరుకుతుంది. రెండు, ఆకు తడిసేదాకా కొట్టండి. ఆర్బర్‌వైటీ ఒత్తుగా ఉంటుంది, పైపైన చిలకరిస్తే లోపలి ఆకులు పొడిగానే ఉండిపోతాయి. ఒక చేత్తో కొమ్మ పక్కకి తప్పించి లోపలికి కొట్టాలి. కంచె వైపు, గోడ వైపు కూడా. ఎక్కువమంది ఇటు వైపు మాత్రమే కొట్టి, అటు పక్కింటాయన వైపు వదిలేస్తారు. పురుగుకి ప్రాపర్టీ లైన్ తెలియదు. అడిగి అటు వెళ్ళి కొట్టండి, ఎవరూ కాదనరు. మూడు, వారం పది రోజుల తర్వాత మళ్ళీ కొట్టండి, అప్పటికి ఆలస్యంగా వచ్చినవి తేలతాయి. వాన సూచన ఉంటే ఒక రోజు వాయిదా వేయండి. మోతాదు లేబుల్‌లో రాసినంతే. నాలుగు వేసవులు గరాజ్ వేడిలో ఉడికిన సీసా ఉంటే పారేసి కొత్తది కొనండి.

బీటీ మనుషులకి, కుక్కలకి, తేనెటీగలకి ప్రమాదం కాదు, కానీ అన్ని సీతాకోక పిల్లల్నీ చంపుతుంది. సోంపు, కొత్తిమీర, పార్స్లీ మీద నల్ల చారల పచ్చ పురుగులు కనిపిస్తే అవి స్వాలోటెయిల్ సీతాకోకలవి, మిల్క్‌వీడ్ మీదవి మోనార్క్‌లవి. ఆ మొక్కల మీద పడనివ్వకండి.

బీటీ సమయం కొద్దిగా దాటిందనుకోండి, జూన్ చివరి వారం, సంచులు ఇంకా ముప్పావు అంగుళం లోపే ఉన్నాయి, అప్పుడు స్పినోసాడ్. ఇది కొంచెం పెద్ద పురుగుల్ని కూడా పడగొడుతుంది. తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకి విషం కాబట్టి పొద్దు వాలాక, పూలు లేని మొక్కల మీదే.

జూలైలో మేలుకుంటే

కరీంనగర్ కుర్రాడొకడు మా వెనక వీధిలో కొత్తగా ఇల్లు కొన్నాడు. జూలై నాలుగో తేదీ బాణాసంచా కాల్చే రోజు ఫోన్ చేశాడు. "అక్కా, చెట్లు ఎండిపోతున్నయ్, స్ప్రింక్లర్ టైమ్ పెంచిన, అయినా తగ్గుతలేదు." నీళ్ళు ఆపి ఒక కొమ్మ దగ్గరగా చూడమన్నాను. "అక్కా, కాయలు నడుస్తున్నయ్!" అన్నాడు.

ఆ దశలో మిగిలేవి బైఫెంత్రిన్, పర్మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు. అవి తగిలినా చంపుతాయి. నేను ఇష్టంగా చెప్పను, చెట్టు సగం పోయే పరిస్థితి ఉంటేనే చెబుతాను. ఎందుకంటే ఇవి పురుగుల్ని తినే పురుగుల్నీ చంపేస్తాయి, ఆ వెనకే ఎర్రనల్లి విరుచుకుపడుతుంది, ఆర్బర్‌వైటీకి అదో కొత్త బాధ. చేపలకి విషం, కాబట్టి చెరువు, వాననీటి కాలవ పక్కన వాడొద్దు. కరివేపాకు కుండీలు, గోంగూర, బచ్చలి పాదు పక్కనే ఉంటే కుండీల్ని గరాజ్‌లో పెట్టేయండి, నేలలో ఉన్నవాటికి దుప్పటి కప్పండి. కరివేపాకు లేనిదే మన పప్పు దిగదు కదా. మందు ఆరేదాకా పిల్లల్ని, కుక్కని లోపలే ఉంచండి.

చెట్లు ఐదారు అడుగులే అయితే జూలైలోనూ చేత్తో ఏరడమే మేలని నా అభిప్రాయం. కరీంనగర్ కుర్రాడు, వాళ్ళావిడ రెండు సాయంత్రాలు కూర్చుని ఏరేశారు. బతికున్న పురుగు లోపలి నుంచి పట్టుకుని ఉంటుంది, కొంచెం గట్టిగా లాగాలి. ఈ కాలంలో ఇంకా దారంతో కట్టుకోవు కాబట్టి చాలా వరకు చేత్తోనే వస్తాయి.

పనికిరానివి కూడా చెప్పేస్తాను. చెట్టు మొదట్లో పోసే ఇమిడాక్లోప్రిడ్ మందు, "ట్రీ అండ్ ష్రబ్" అని, ఏడాదంతా రక్షణ అని అమ్మేది, అదొక్కటే ఉంటే గొంగళి పురుగుల మీద పనిచేయదు. వేపనూనె మరీ చిన్న పిల్లల మీద కొంత పనిచేయొచ్చేమో, సంచి కట్టుకున్న పురుగు మీద దాన్ని నమ్ముకుంటే చెట్టు పోతుంది. పసుపు నీళ్ళు, పుల్లమజ్జిగ, వెనిగర్ వాట్సాప్‌లో బాగా పనిచేస్తాయి.

ఆగస్టు సగం దాటాక మందు మాటే వద్దు

ఆగస్టు సగం దాటితే పురుగు తినడం ఆపేసి, సంచి మూతి బిగించుకుంటుంది. కడుపులోకి వెళ్ళే మందు వెళ్ళదు, తగలాల్సింది తగలదు. ఇంకా ఘోరమేంటంటే సరిగ్గా అప్పుడే చెట్టు గోధుమరంగుకి తిరిగి మనకి కనబడుతుంది, మనసు ఊరుకోదు. మా బంధువుల ఇంటికి ఒక లాన్ సర్వీసు వాళ్ళు సెప్టెంబరులో వచ్చి, చెట్లన్నీ తడిపి రెండు వందల డాలర్లకి పైన బిల్లు వేసి వెళ్ళారు. మరుసటి మేలో పిల్లలు యథావిధిగా వచ్చాయి. ఈ రోజుల్లో చేయాల్సింది కత్తెర పట్టుకోవడం, అంతే. గోడ, కంచె, మెయిల్‌బాక్స్, పెరటి కుర్చీల అడుగు కూడా చూడండి. పెద్ద పురుగులు తిండి ముగించాక చెట్టు దిగి ఎక్కడ పడితే అక్కడ సంచి కట్టేసుకుంటాయి.

ఎండిన చెట్టు బతుకుతుందా

ఇది ఏ చెట్టు అన్నదాన్ని బట్టి. హనీలోకస్ట్, మేపుల్, సైకమోర్ లాంటివి ఆకంతా పోయినా మళ్ళీ చిగురిస్తాయి. బాల్డ్ సైప్రస్ చూడ్డానికి సూది ఆకుల చెట్టే అయినా ఏటా ఆకు రాల్చేదే కాబట్టి అదీ తేరుకుంటుంది. ఆర్బర్‌వైటీ, జూనిపర్‌లకి ఆ అదృష్టం లేదు. పచ్చదనం పూర్తిగా పోయిన బోడి కొమ్మ నుంచి కొత్తాకు రాదు. చెట్టంతా బోడిదైతే చెట్టే పోతుంది. స్ప్రూస్ కొమ్మ చివర్ల మొగ్గలు బతికుంటే తర్వాతి వసంతంలో కొంత పచ్చబడుతుంది.

తొందరపడి చెట్టు నరికేయకండి. గోటితో రెమ్మ బెరడు గీరి చూడండి, కింద ఆకుపచ్చ తడి ఉంటే ప్రాణముంది. వచ్చే జూన్ దాకా సమయమివ్వండి. అప్పటికీ పచ్చబడని కొమ్మల్ని మొదట్లోకి కోసేయండి. పక్క కొమ్మలు పెరిగి చిన్న ఖాళీని కప్పుతాయి, కానీ కంచె వైపు సగం చెట్టు బోడిదైతే అది పూడదు, మార్చుకోవడమే. ఈలోపు వారానికి ఒక అంగుళం వాన పడినంత నీరు, నెమ్మదిగా, మొదట్లో అందేలా చూడండి. పాపం నీరసించిందని ఎరువు కుమ్మరించకండి.

ఆకు ఎర్రబడిన ప్రతిసారీ ఈ పురుగనుకోవద్దు. శరదృతువులో ఆర్బర్‌వైటీ లోపలి వైపు పాత ఆకులు పండి రాలడం మామూలే. కింద నాలుగైదు అడుగులు మాత్రమే బోడిగా ఉంటే అది జింక. మార్చిలో నైరుతి వైపు మాత్రమే మాడితే చలిగాలి. సంచి కనబడితేనే బ్యాగ్‌వార్మ్.

మళ్ళీ రాకుండా

నర్సరీలో చెట్టు కొనేటప్పుడు చుట్టూ తిరిగి చూడండి. ఒక్క సంచి ఉన్నా పక్కన పెట్టేయండి, డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఈ పురుగు దూరాలు దాటేది ఎక్కువగా ఇలా ట్రక్కులెక్కే.

దీనికి సహజ శత్రువులూ ఉన్నారు. సంచిలోకి గుడ్లు పెట్టే సన్న నడుము కందిరీగలు, సంచులు చీల్చుకుని తినే పిచ్చుకల్లాంటి పిట్టలు, చలికాలంలో గుడ్లు తినే ఎలుకలు. ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, పొదల చుట్టూ ఆస్టర్ కుటుంబపు పూలమొక్కలు పెంచిన చోట ఈ కందిరీగలు పట్టిన సంచులు ఎక్కువగా తేలాయి. మా ఆర్బర్‌వైటీల ముందు నేను కోన్‌ఫ్లవర్, ఆస్టర్‌లు వేశాను. ఆ కుటుంబంలోవే మన బంతి, చామంతి కూడా. బతుకమ్మకి పూలు, చెట్టుకి కాపలా.

కొత్తగా కంచె వేసేవాళ్ళు ఒకే జాతి ముప్ఫై చెట్లు వరసగా నాటకండి. చెట్టుకి చెట్టు ఆనుకుని ఉంటే పురుగు నడిచే వెళ్ళిపోతుంది. మధ్యమధ్యలో వైబర్నమ్ లాంటి ఆకు రాల్చే పొదలు కలపండి, పురుగు పట్టినా అవి తేరుకుంటాయి.

కాన్సస్, మిస్సోరీల్లో ఖాళీ స్థలాల్లో తనంతట తాను మొలిచే రెడ్ సీడర్ దీనికి పుట్టిల్లు. మీ వెనక అలాంటి చెట్టుండి, అది హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) స్థలమైతే సంచులు కనిపించే ఫొటోతో జనవరిలోనే ఈమెయిల్ పెట్టండి. జూన్‌లో పెడితే మీటింగ్ అయ్యేసరికి ఆగస్టు వస్తుంది.

పెద్ద చెట్లకి మనిషిని పెట్టుకోవాల్సి వస్తే లైసెన్సున్న వాళ్ళనే పిలిచి రెండు ప్రశ్నలు అడగండి: ఏ మందు కొడతారు, ఏ వారంలో వస్తారు? జూన్‌లో బీటీ అనో స్పినోసాడ్ అనో చెబితే మాట్లాడుకోండి. చెట్లెక్కే నిపుణులు చాలామంది క్లోరాంట్రానిలిప్రోల్ వాడతారు, అదీ మంచిదే, తేనెటీగలకి ప్రమాదం తక్కువ. "సెప్టెంబరులో ఖాళీ ఉంది, అప్పుడొచ్చి కొడతాం" అంటే మర్యాదగా వద్దని చెప్పి, ఆ డబ్బులో కొంత పెట్టి పొడవు కర్ర కత్తెర కొనుక్కోండి.